బావికి ఇరవై ఆరు అడుగుల దూరంలో

బావి గట్టు నుంచి పేడగొయ్యి అంచు దాకా ఇరవై ఆరు అడుగులు. మా ఆయన లోకోషెడ్డు నుంచి తెచ్చిన స్టీలు టేపుతో నేనే కొలిచాను. మా ఊళ్లో పాతిక అడుగులుంటే చాలనేవారు. నేను ఒక అడుగు ఎక్కువే వదిలాను. ఇప్పటికీ ఎవరైనా నన్ను జాగ్రత్త గల మనిషి అంటే నాకు ఆ ఒక్క అడుగే గుర్తొస్తుంది. 

అప్పుడు మేము హిందీ మాట్లాడే ఒక ఉక్కు ఊళ్లో, బర్మామైన్సు అనే పేటలో ఉండేవాళ్లం. ఎనిమిది ఇళ్ల లైను, మాది చివరిది. లైను వెనక ఖాళీ జాగా, అక్కడే అందరికీ కలిపి ఒక బావి. సందు మొగలో కుళాయి ఉండేది గానీ పొద్దున్న ఒక గంటే వచ్చేది, వరసలో నిలబడినవాళ్లలో సగంమందికే దొరికేది. తాగడానికీ వండుకోవడానికీ అందరం బావినే నమ్ముకున్నాం. లైనులో చాలామంది శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైల్వే పనికి వచ్చినవాళ్లు. క్రైస్తవులం మేమొక్కరిమే.

1980 మే 27న మా ఆయన ఖటాల్ నుంచి నాలుగు దున్నదూడల్ని తోలుకొచ్చాడు. పాలు అమ్ముకునే గేదెల కొట్టాన్ని అక్కడ ఖటాల్ అంటారు. ఆడదూడ పుడితే ఉంచుకుంటారు. మగదూడకు పాలు వదలరు. అది కొన్నాళ్లు అరిచి, ఆ తర్వాత అరవదు. అలాంటివాటిని తెచ్చి ఏడాదిన్నర మేపి మాంసానికి అమ్మాలని ఆయన ఆలోచన. పెద్దమాంసం తినడం మాకు అలవాటే. మేపడమే కొత్త.

పక్కింటావిడ విజయనగరం వైపు మనిషి. ఆ మాంసం మాట ఎత్తితే ముక్కు మీద కొంగు పెట్టుకునేది గానీ పిడకలకు మాత్రం రోజూ వచ్చేది.

“వదినా, నీ దున్నల్ని ఎవులు తింతారో గానీ, ఈటి పేడ మాత్తరం నా పొయ్యి తింతంది.”

“నీ పొయ్యికి పట్టింపు లేదు గదా, నీకేటి?”

“నాకేటి? నాకు మంట కావాల, అంతే!” అని తట్ట నెత్తిన పెట్టుకుని నవ్వుతూ పోయేది. ఆవిడకు రెండేళ్ల పాప. మా అమ్మాయికి ఏడేళ్లు.

లెక్క రాయడం నాకు పెళ్లికి ముందునుంచీ ఉన్న అలవాటు. మా అమ్మాయి పాత నోటుపుస్తకంలో మిగిలిన కాగితాల మీద రోజూ మూడు గళ్లు రాసేదాన్ని. నీళ్లెన్ని బకెట్లు, గడ్డి ఎన్ని కట్టలు, పేడ ఎన్ని తట్టలు. చిన్నప్పుడు తక్కువ, పెరిగాక ఎక్కువ. సగటున నాలుగింటికీ కలిపి రోజుకు పది బకెట్లు, ఆరు కట్టలు, నాలుగు తట్టలు. ముగ్గురు మనుషులున్న మా ఇంటికి రోజు మొత్తానికి ఆరు బకెట్లు సరిపోయేవి. ఇంట్లో ఎవరు ఎక్కువ తాగుతున్నారో కాగితం మీద తెలుస్తూనే ఉంది. నేను దాన్ని లెక్కగానే చూశాను, ఇంకో రకంగా చూడలేదు.

మొదటి ఏడు నెలలూ పేడతో ఇబ్బంది రాలేదు. ఏటి ఒడ్డున కూరగాయలు పండించే ఒకాయన వారానికి రెండుసార్లు బండి కట్టుకొచ్చి ఎత్తుకుపోయేవాడు. జనవరిలో ఆయన రావడం మానేశాడు. యూరియా బస్తాలు దొరుకుతున్నాయి, వాసన లేదు, మోత లేదు అన్నాడు. మా ఊళ్లో అయితే గడ్డి మా చేలోదే, పేడ వెళ్లేదీ మా చేలోకే. ఇక్కడ గడ్డి ఎక్కడి నుంచో లారీ మీద వచ్చేది. పేడకు మాత్రం వెళ్లడానికి చేను లేదు.

అందుకని ఫిబ్రవరిలో గొయ్యి తవ్వించాను. తవ్వాక, మా నాన్న చేసినట్టే, అడుగున ఒక బిందెడు నీళ్లు పోసి చూశాను. మా ఊరిది నల్లరేగడి. గోతిలో నీళ్లు నిలిచిపోతే ఎరువు కుళ్లి పురుగు పడుతుంది. నీళ్లు ఇంకితేనే మంచి గొయ్యి. ఇక్కడ పోసిన బిందెడూ నేను బిందె ఎత్తి పక్కన పెట్టేలోపే మాయమైంది. నాకెంత సంతోషం వేసిందో! మా నాన్న గోతికన్నా మంచి గొయ్యి కుదిరిందనుకున్నాను. ఆ నేల నేల కాదని, ఒకప్పటి పల్లాన్ని ఇనుము కరిగించగా మిగిలిన చిట్టెంతో నింపారని అందరికీ తెలుసు. గునపానికి తగిలిన ప్రతిసారీ ఆ ముక్కలు ఖంగుమన్నాయి కూడా. ఆ మాటనూ ఈ నీళ్లనూ నేను కలిపి చూడలేదు.

జూన్ చివర వానలు పట్టాయి. వానల్లో పిడకలు ఆరవు గనక మొత్తం పేడ గోతిలోకే వెళ్లింది. బావిలో నీళ్లు బాగా పైకి వచ్చాయి. లైనంతా సంతోషించింది. జూలై ఒకటో తారీఖున మా అమ్మాయి గ్లాసు దించేసి మొహం తిప్పుకుంది.

“మమ్మీ, పానీ మే బద్బూ హై” అంది, బడిలో అలవాటైన హిందీలో. నీళ్లు కంపు కొడుతున్నాయని.

“వాననీళ్లు అలాగే ఉంతాయి. ముక్కు మూసుకుని తాగీ.”

తాగేదాకా ఎదురుగా నిలబడ్డాను. గ్లాసు ఖాళీ అయ్యాక గానీ కదలలేదు.

రెండో తారీఖున పక్కింటి పాపకు విరేచనాలు మొదలయ్యాయి. మూడో తారీఖు శుక్రవారం, మా అమ్మాయికి. పొద్దుటి నుంచి సాయంత్రానికి పదకొండుసార్లు. నాలుగోసారి దాకా తనే నడిచి వెళ్లింది. ఆ తర్వాత నేను ఎత్తుకెళ్లాను. ప్రతిసారీ బరువు తగ్గినట్టు నా చేతులకు తెలిసేది.

శనివారం డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాం. ఆయన అమ్మాయి పొట్ట మీద చర్మం రెండు వేళ్లతో పట్టి వదిలాడు. అది వెంటనే కిందికి దిగలేదు, మడతలాగే నిలిచింది. ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు చెంచాలతో పట్టమన్నాడు. మూత్రం ఎన్నిసార్లు వచ్చిందో లెక్క పెట్టమన్నాడు, ఆగిపోతే క్షణం ఆలస్యం చేయొద్దన్నాడు. ఏ నీళ్లు తాగుతున్నారని హిందీలో అడిగాడు. బావి నీళ్లన్నాను. బావి పక్కన ఏముందని అడిగాడు.

“ఏమీ లేదు” అన్నాను. ఇరవై ఆరు అడుగులు పక్క కాదు కదా అని లోపల సర్దిచెప్పుకున్నాను. 

ఆదివారం పొద్దున్న దాకా ఒక్కసారే మూత్రం వచ్చింది. మంచం పక్కన కూర్చుని, చేతులు ఊరికే ఉండలేక, పుస్తకం తీసి మొత్తం కూడాను. ఒకటో తారీఖుకు నాలుగు వందల రోజులు. నాలుగు వేల బకెట్ల నీళ్లు. రెండు వేల నాలుగు వందల కట్టల గడ్డి. పదహారు వందల తట్టల పేడ. కిందటి నెల బేరగాడు వచ్చి చూసి, ఒక్కోటి ఎనభై కిలోల మాంసం తూగుతుందన్నాడు. నాలుగూ కలిపి మూడు వందల ఇరవై. అంటే కిలో మాంసానికి పన్నెండున్నర బకెట్ల నీళ్లు, ఏడున్నర కట్టల గడ్డి, అయిదు తట్టల పేడ. ఆ గడ్డి పండిన చేనుకు ఎన్ని నీళ్లు పెట్టారో నాకు తెలియదు. ఆ గడి ఖాళీగా వదిలాను. అయిదు తట్టల దగ్గర నా పెన్సిలు ఆగిపోయింది. పిడకలు పోగా, బండివాడు ఎత్తుకుపోయింది పోగా, మిగిలిందంతా ఎక్కడుంది? గొయ్యి అయిదు నెలలైనా నిండలేదు. ఎందుకు నిండలేదు?

వాన తెరిపిచ్చి ఎండ వచ్చింది. మా ఆయన గడ్డం గీసుకునే అద్దం తీసుకుని బావి దగ్గరకు వెళ్లాను. చేద జారిపోయినప్పుడు అద్దంతో ఎండను బావిలోకి తిప్పి వెతుకుతాం కదా, అలాగే తిప్పాను. మూడు వైపులా గోడ మామూలుగానే ఉంది. గొయ్యి వైపు, నీటికి జానెడు పైన, రెండు రాళ్ల సందులోంచి కుడితి రంగు చార ఒకటి నీళ్లలోకి జారుతోంది. చూస్తుండగానే ఒక బొట్టు పడింది. తొమ్మిది గంటలయింది.

“ఏటి వదినా, ఏటి పడ్డాది? మళ్లీ సేదేనా?” పక్కింటావిడ బకెట్టుతో వచ్చింది. కళ్లు గుంటలు పడి ఉన్నాయి.

“ఏటీ లేదు. పాపకెలాగుంది?”

“పాలు కక్కేత్తంది. నీ కూతురో?”

“అలాగే ఉంది.”

ఆవిడ నా కళ్ల ముందే బకెట్టు నింపుకుని వెళ్లింది.  చెబితే ఏమవుతుంది? మాంసానికి దున్నల్ని మేపే ఇల్లు మాదొక్కటే. ఎనిమిది ఇళ్లలో ఏడు ఇళ్లు ఒకవైపు నిలబడితే, ఒంట్లో బాగోలేని పిల్లను ఎత్తుకుని ఎక్కడికి పోతాం? అదే ఆలోచిస్తూ పొద్దున్న కుళాయి దగ్గర పట్టి ఉంచిన నీళ్లు వెతికి, కాచి, చల్లార్చి, మా అమ్మాయికి చెంచాతో పట్టడం మొదలుపెట్టాను. ఏడో చెంచానో, ఎనిమిదో చెంచానో. గోడ అవతల పక్కింటి పాప ఏడుస్తోంది. ఏడుపు కూడా కాదు, పిల్లికూనలా సన్నగా. ఉన్నట్టుండి అది ఆగింది. ఏదో తాగుతున్నట్టుగా ఆగింది.

చెంచా పడేసి పరుగెత్తాను.

“పట్టకు! ఆ నీళ్లు పట్టకు!”

ఆవిడ ఒళ్లో పాప, పాప నోటి దగ్గర గ్లాసు. గ్లాసు లాక్కున్నాను. నీళ్లు ఇద్దరి మీదా ఒలికాయి. గొయ్యి సంగతి, అద్దం సంగతి చెప్పాను. ఎంత వంకరగా చెప్పానో తెలియదు. ఆవిడ అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

“నీ పిల్లకి ఏ నీళ్లు పడతన్నావు?”

“కుళాయివి.”

“ఎప్పుట్నుంచి?”

“పొద్దుట్నుంచి.”

“అద్దంలో ఎన్ని గంటలకి సూసినావు?”

“తొమ్మిదింటికి.”

“ఇప్పుడెంతయినాది?”

వాళ్ల గోడ గడియారం నా ఎదురుగానే ఉంది. “పదిన్నర.”

“గంటన్నర” అంది ఆవిడ. “లెక్కలు బాగా సేత్తావు గదా నువ్వు. ఆ గంటన్నరా ఏ గడిలో రాసుకుంతావో రాసుకో.”

పాపను భుజాన వేసుకుని ఆసుపత్రికి బయలుదేరింది. గుమ్మం దిగేముందు లైను మొత్తానికీ వినబడేలా, “ఎవులూ బాయి నీళ్లు తాగొద్దు!” అని కేకేసింది. ఎందుకో మాత్రం చెప్పలేదు. అది నేనే ఇంటింటికీ వెళ్లి చెప్పాను. మొదటి ఇంటి దగ్గర గొయ్యి మాట రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. ఆరో ఇంటికి వచ్చేసరికి నాకన్నా ముందే కబురు వెళ్లింది, తలుపు వేసి ఉంది.

మా ఆయన డ్యూటీ దిగి రాగానే పార పట్టాడు. లైనులో ముగ్గురు మగవాళ్లు పిలవకుండానే వచ్చి పని అందుకున్నారు. పేడ తీశాక చూస్తే గోతికి గోడే లేదు. బావి వైపు అంతా చిట్టెం గడ్డలు, వాటి మధ్య వేళ్లు దూరేంత సందులు, ఆ సందుల్లో నల్లటి నీళ్లు. తీసిన పేడ ఎక్కడ పొయ్యాలి? ఎవరి జాగాలోనూ పొయ్యనివ్వరు. చివరికి రైలు పట్టాలు దాటి ఒక పల్లంలో పోశాం. నేను మోసినవి ముప్పై రెండు తట్టలు. ఆ పల్లం దిగువన ఎవరి బావి ఉందో అడిగిన మనిషి లేడు. నేనూ అడగలేదు.

పక్కింటి పాప అయిదు రోజులు ఆసుపత్రిలో ఉంది. ఆ అయిదు రోజులూ వాళ్ల తాళం వైపు చూడకుండా మా గుమ్మం దిగడం నావల్ల కాలేదు. ఆరో రోజున తల్లి చంకలో తిరిగి వచ్చింది. కణతల దగ్గర ఎముకలు కనిపిస్తున్నాయి, కానీ తిరిగి వచ్చింది. మా అమ్మాయి అంతకుముందే లేచి కూర్చుంది. దున్నల్ని బుధవారం నాడే బేరగాడు తోలుకుపోయాడు. ఇంకో రెండు నెలలు మేపితే ఇంకా తూగేవన్నాడు.  వాటి తప్పేమీ లేదు. అవి తాగాయి, మేశాయి. లెక్క రాసింది నేను.

బావిలో బ్లీచింగు పొడి చల్లి తోడారు, మళ్లీ చల్లి మళ్లీ తోడారు. ఏడాది పాటు పక్కింటావిడ నన్ను పిలవలేదు. మరుసటి జూలైలో, వానలు పట్టిన నాలుగో రోజున, మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

“అద్దం తే.”

వదినా అనలేదు. అద్దం తెచ్చాను. ఇద్దరం గట్టు మీద వంగి ఎండను గోడ మీదికి తిప్పాం. ఆ రెండు రాళ్ల సందు దగ్గర చాలాసేపు ఆపి ఉంచాను.  గోడ పొడిగా ఉంది.

“పొడిగానే ఉంది” అన్నాను.

ఆవిడ ఇంకోసారి చూసింది. తర్వాత ఖాళీ బకెట్టు ఎత్తుకుని, బావి వైపు కాకుండా, సందు మొగలో కుళాయి వరసలోకి నడిచింది. నేను నా బకెట్టు తెచ్చుకుని ఆవిడ వెనకే నిలబడ్డాను.