పొడవు చేయించిన సైకిలు

నేను రిటైరయ్యాక తెనాలిలో స్థిరపడ్డాం. మోకాళ్ల నొప్పులతో మా ఆవిడ సుగుణ ఆదివారం చర్చికి నడవలేకపోతుంటే, నా పాత సైకిలును పొడవు చేయించాను. వెల్డింగ్ షాపులో వెనక చక్రాన్ని అడుగున్నర వెనక్కి జరిపించి, పొడవాటి క్యారేజీ, దానిమీద మెత్తటి సీటు పెట్టించాను. రెండు బియ్యం బస్తాలు కట్టి మూడు రోజులు తొక్కి చూశాను. బరువులు, కొలతలు అన్నీ డైరీలో రాసుకున్నాను.

ఆదివారం సుగుణను ఎక్కించుకున్నాను. వీధి చివరికి రాగానే, "ఏవండీ, వెనక ఊగుతోందండీ. ఒకసారి ఆపి చూడండి" అంది.

"బస్తాలు ఏమీ అనలేదే" అన్నాను నవ్వుతూ.

"వాటికి నోరుంటే కదా" అని తనూ నవ్వింది.

కాలువ వంతెన దిగుతుంటే వెల్డింగ్ అతుకు ఊడిపోయింది. ఇద్దరం పడ్డాం. నాకు గీతలు పడ్డాయి. ఆమె కుడి మణికట్టు విరిగింది. కట్టు విప్పాక కూడా వేళ్లు మునుపటిలా కదల్లేదు. ముప్ఫై ఏళ్లుగా ఏ ఊళ్లో ఉన్నా చర్చిలో హార్మోనియం వాయించిన మనిషి, ఇప్పుడు వెనక బల్లమీద కూర్చుని వింటోంది. నన్ను ఒక్క మాటా అనలేదు.

మొన్న ఆనాటి డైరీ తీశాను. ప్రమాదానికి కారణం 'వెల్డింగ్ లోపం' అని రాసి ఉంది. ఆమె ఆపమందనీ, నేను ఆపలేదనీ అందులో లేదు. అది ఇన్నాళ్లకు ఇక్కడ రాస్తున్నాను.