డయాలసిస్ గదిలో గ్రీకు యుద్ధం

గ్రీకు మహాకావ్యాన్ని తెలుగు చెయ్యడానికి నాకు దొరికిన చోటు నాచారంలోని ఒక డయాలసిస్ సెంటరు. వారానికి మూడుసార్లు ఉప్పల్ నుంచి మా ఆవిడను ఆటోలో తీసుకెళ్ళేవాణ్ణి. నర్సు ఆమె చేతికి సూదులు గుచ్చి మిషన్ నడిపించాక, మంచం పక్కన కుర్చీ లాక్కుని, ఒళ్ళో నిఘంటువు, దాని మీద కాగితాలు పెట్టుకుని కూర్చునేవాణ్ణి. ల్యాబులో ఉద్యోగం చేసినన్నాళ్ళూ పుస్తకాలు ముందేసుకుని సొంతంగా నేర్చుకున్న గ్రీకు అది. రిటైరయ్యాక తీరిగ్గా అనువాదం చేద్దామనుకున్నాను. తీరిక ఈ రూపంలో వస్తుందనుకోలేదు.

మొదట ద్విపదలో ప్రయత్నించాను. ఆ పొడుగాటి గ్రీకు పాదం అందులో ఇమడలేదు. ప్రాస కోసం మూలంలో లేని మాటలు తెచ్చి అతికించాల్సి వచ్చింది. విసుగొచ్చి వచనంలోకి దిగాను. అయినా ఒక్కో రోజు నాలుగు వాక్యాలు కూడా తేలేవి కావు.

మిషన్ మీద ఉన్నంతసేపూ మా ఆవిడకు నిద్ర పట్టదు. అందుకని రాసింది రాసినట్టు చదివి వినిపించేవాణ్ణి. పక్క మంచం మీదాయన చెంగిచెర్లలో ఉండేవాడు, ఒకప్పుడు లారీ నడిపినవాడు. ఆయనా వినేవాడు. కొన్నాళ్ళకు నేను కాగితాలు తియ్యగానే అడగడం మొదలుపెట్టాడు.

"సార్, మీ యుద్ధంల ఇయ్యాల ఎవలు సచ్చిన్రు?"

ఆ కావ్యంలో చాలామంది ఊరూ పేరూ లేకుండా చావరు. ఈటె తగిలి పడిపోయేలోపు కవి వాడి గురించి రెండు ముక్కలు చెబుతాడు. తండ్రి ఎవరో, ఏ నది ఒడ్డున పుట్టాడో, ఇంటి దగ్గర ఎవరు ఎదురుచూస్తున్నారో. "పెండ్లయి ఎన్నాళ్ళాయెనంట?" అని ఆయన, "పిల్లలున్నరా?" అని మా ఆవిడ అడిగేవాళ్ళు. కవి అది చెప్పలేదంటే ఇద్దరూ చిన్నబుచ్చుకునేవాళ్ళు.

వేస్తానని ఒప్పుకున్న ప్రచురణకర్తకు అప్పటిదాకా రాసింది పంపాను. సగం చదివి ఒకరోజు ఫోన్ చేశాడు.

"భాష బాగుంది సార్. కానీ ఈ చచ్చేవాళ్ళంతా ఎవరికి గుర్తుంటారు? కథకు కావలసిన వీరుల్ని ఉంచి మిగతా వాళ్ళని తీసెయ్యండి. ఇప్పటి పాఠకులకి అంత ఓపిక లేదు."

వాదించే ఓపిక నాకూ లేదు. ఎర్ర పెన్ను తీసుకుని కొట్టేసుకుంటూ పోయాను. "ఆ రోజు ఇరువైపులా ఎందరో నేలకొరిగారు" అని ఒక్క వాక్యం రాస్తే పేజీలకు పేజీలు తగ్గిపోయేవి. నిజానికి, హాయిగానే ఉంది.

తర్వాతిసారి మేం సెంటరుకు వెళ్ళేసరికి పక్క మంచం మీద వేరే మనిషి ఉన్నాడు. మా ఆవిడ నర్సును అడిగింది.

"మొన్న ఇంట్లనే పోయిండమ్మా. గుండె ఆగిందంట," అని మెల్లగా చెప్పి, ఆ అమ్మాయి సూదుల మీద టేపు అంటించింది.

మిషన్ నడిపించి వెళ్ళిపోయింది. తర్వాత మా ఆవిడ అడిగింది.

"ఆయనకు పిల్లలెందరు?"

"తెలీదు."

"యుద్ధంల పోయినోళ్ళ గురించి అడిగినం గానీ ఆయన ముచ్చట ఏం అడగలే." కాసేపు కళ్ళు మూసుకుని, "జర చదువున్రి," అంది.

చదివాను. ఎందరో నేలకొరిగారు అన్న చోట కళ్ళు తెరిచింది.

"గంతేనా?"

ప్రచురణకర్త మాట చెప్పాను. ఆమె కోప్పడలేదు. కోప్పడే సత్తువ లేదు. "నాకైతే మొత్తం చదువున్రి," అంది. ఎర్ర గీతల కింద ఉన్నదంతా కూడబలుక్కుంటూ చదివాను. ఆమె ప్రతి ఒక్కడి ఊరూ విన్నది.

ఇంటికెళ్ళి ప్రచురణకర్తకు ఫోన్ చేసి, ఎవర్నీ తియ్యనని చెప్పాను. "అయితే మా వల్ల కాదు సార్," అన్నాడు మర్యాదగానే. ఇప్పటికీ ఇంకెవరూ దొరకలేదు.

ఆ ఆదివారం అడుగుతూ అడుగుతూ చెంగిచెర్లలో ఆయన ఇల్లు పట్టుకున్నాం. మా ఆవిడ మెట్లెక్కలేక గోడ పట్టుకుని ఆగిపోతే, ఆయన భార్యే కిందికి దిగి వచ్చింది. మేమెవరమో చెప్పగానే నా వైపు చూసింది.

"యుద్ధం సార్ మీరేనా? ఇంటికి రాంగనే నాకు అన్నీ జెప్పేటోడు. గా ముసలి రాజు కొడుకు పోయిండన్నడు. తర్వాత ఏమాయె?"

ఆ భాగం నేనింకా అనువదించలేదు. మామూలు మాటల్లో చెప్పాను. రాజు ఒంటరిగా శత్రువు గుడారంలోకి వెళ్ళాడని, కొడుకు శవం ఇమ్మని బతిమాలాడని, చంపినవాడూ ఆ తండ్రీ కలిసి ఏడ్చారని, శవాన్ని ఇచ్చి పంపాడని.

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఇచ్చిండు గదా. మంచిగ చేసిండు," అంది. తర్వాత మా ఆవిడ చెయ్యి పట్టుకుని మెట్ల మీద కూర్చోబెట్టి, వాళ్ళ ఆయన ఎక్కడ పుట్టాడో, ఎట్లా లారీ ఎక్కాడో చెప్పడం మొదలుపెట్టింది. నాకు కాళ్ళు లాగుతున్నాయి. నేనూ కింది మెట్టు మీద కూలబడ్డాను.