రేవు దారి, కరీం ఇంజను

మాచర్లలో దిగేసరికి ఎండ మండిపోతోంది. నలభై ఎనిమిది వేసవి అది. అక్కడి నుంచి కృష్ణ ఒడ్డున ఉన్న మా పోస్టుకు నడక. భుజాన రైఫిలు, వీపున మూట, నడుముకు నీళ్ళ సీసా. నేను ఎడ్లపాడు వాణ్ణి, నల్లరేగడిలో పెరిగినవాణ్ణి. ఇక్కడ ఎటు చూసినా నాపరాయి, కంపచెట్లు. బర్మాలో యుద్ధం చేసి వచ్చానుగానీ సొంత జిల్లాలో ఇలాంటి నేల ఉందని ఎరగను. ఇంటికి దగ్గర్లో పోస్టింగ్ అని పడ్డ సంబరం కాస్తా దారిలోనే ఆవిరైపోయింది.

పోస్టు గట్టు మీద ఉంది. గట్టు కింద పడవల రేవు. నదికి అవతల నిజాం రాజ్యం. అక్కడ గొడవలు ముదిరి, జనం ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఇవతలికి వస్తున్నారు. మాకిచ్చిన ఆర్డరు చిన్నదే. రేవు కాపలా కాయాలి, వచ్చినవాళ్ళలో రోగుల్ని మాచర్ల ఆసుపత్రికి, ముసలివాళ్ళను ఊళ్ళోకి చేర్చాలి. అందుకని ఒక చిన్న ట్రక్కు ఇచ్చారు. యుద్ధంలో అరిగిపోయిన బండి. ముందు ఇద్దరు, వెనక తొట్టిలో పదిమంది పడతారు. దానికి డ్రైవర్ని నేను.

ఖాళీగా ఉంటే ఆ బండి రేవు దారి బాగానే ఎక్కేది. జనాన్ని ఎక్కిస్తే సగం గట్టులో మొరాయించేది. "దిగండమ్మా, దిగండయ్యా" అని నేను అరవాలి. నది దాటి హమ్మయ్య అనుకున్న ముసలివాళ్ళను ఆ ఎండలో దింపి నడిపించాలంటే నాకు తలకొట్టేసినట్టుండేది.

మా మెకానిక్ కరీం. నరసరావుపేట వాడు. యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క బస్సుల్ని బొగ్గు గ్యాసుతో నడిపారు కదా, ఆ బస్సుల షెడ్డులో పని నేర్చాడు. నోరు పెద్దది, మనసు వెన్న. నన్ను బావా అని పిలిచేవాడు. అతని చెల్లెలు ఖాసింబీని నది అవతల పల్లెలో ఇచ్చారు. తొలిచూలు. పురిటికి పుట్టింటికి తీసుకురావాలి. ఆ గొడవల్లో ఆమె ఎప్పుడు బయలుదేరగలదో ఎవరికీ తెలియదు. ఏ పడవ కనిపించినా కరీం చేతిలో పని ఆపి రేవు వైపు చూసేవాడు.

"నా చెల్లెల్ని మాత్రం ఈ గట్టు మీద దించి నడిపించను బావా," అన్నాడొక రోజు. "ఇంజనుకి బలం పెంచుదాం."

బానెట్ ఎత్తి ముగ్గురం నిలబడ్డాం. మూడోవాడు మా హవల్దారు. సత్తెనపల్లి మనిషి, బర్మా కొండల్లో లారీల బారు నడిపినవాడు.

"వెనక ఇరుసులో గేరు మారిస్తే సరిపోద్ది," అన్నాడు హవల్దారు. "పాతబండ్ల గుట్టలో ఎతికితే దొరుకుద్ది. నిదానంగా పోద్దిగానీ ఎంత బరువైనా ఎక్కుద్ది."

"నిదానమైతే ఎట్టా సార్?" అన్నాడు కరీం. "గట్టెక్కినాక మాచర్ల దాకా రోడ్డుంది. పానం మీదికొచ్చినోళ్ళను ఎడ్లబండి మాదిరి తీసకపోతామా?"

"పోనీ, పెట్రోలు ఎక్కువ పడేట్టు కార్బురేటర్లో పెద్ద జెట్టు ఎయ్యి," అన్నాను నేను.

"బిందెలకి బిందెలు తాగుద్ది బావా. మనకొచ్చే పెట్రోలెంత? హెడ్డు అరగదీద్దాం. బొగ్గు బస్సులకి మేం చేసిందదే. నిండా జనంతో కారంపూడి దారిన ఎట్టా ఉరికేయో చూసుండవు."

ఇంజను మీద మూతలా బిగించే ఇనప దిమ్మే హెడ్డు. దాని అడుగు కాస్త అరగదీస్తే లోపల ఖాళీ తగ్గుతుంది, పెట్రోలు ఆవిరి గట్టిగా నొక్కుకుని బలంగా పేలుతుంది. హవల్దారుకు అది నచ్చలేదు. అయినా అడ్డు చెప్పలేదు.

"నీ చెల్లెలు ఎక్కే బండి. నీకెట్టా తోస్తే అట్టా చెయ్యి," అన్నాడు.

కరీం ఆ హెడ్డును నరసరావుపేట షెడ్డుకు తీసుకుపోయి అరగదీయించాడు. ఎవరికీ ఇవ్వకుండా బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. తెల్లవారుతుండగా బిగించి, పదిమంది జవాన్లను తొట్టిలో ఎక్కించాడు. బండి ఒక్క ఊపున గట్టెక్కేసింది. ఈలలు, చప్పట్లు. వైర్‌లెస్ ఆపరేటరు ఆగలేకపోయాడు.

"మాచర్లా, మాచర్లా. మా ముసలి గుర్రం గట్టెక్కింది. ఓవర్."

"దాణా పెట్టండి. ఓవర్."

ఆ రోజు నుంచి నేనెవరినీ దిగమనలేదు. ఎండలు ముదిరాక మాత్రం ఇంజనులో టకటక మొదలైంది. కరీం ఏవో తిప్పి సర్దాడు. తగ్గింది, మళ్ళీ వచ్చింది. "అలవాటు పడుద్దిలే," అన్నాడు. నేనూ అలాగే అనుకున్నాను. బొగ్గు గ్యాసు మొద్దుది, ఎంత నొక్కినా ఓర్చుకుంటుంది. పెట్రోలు ఓర్చుకోదు. అందులో మాకొచ్చేది నాసిరకం. అంత నొక్కితే వేడికి తనంతట తానే పేలి ఇంజనును తినేస్తుంది. ఈ సంగతి చానాళ్ళకు ఒక పెద్ద వర్క్‌షాపులో విన్నాను. యుద్ధమంతా బొగ్గుతో నెట్టుకొచ్చిన షెడ్డు వాళ్ళకు అది ఎలా తెలుస్తుంది?

ఒక మధ్యాహ్నం వడగాడ్పులో పడవ వచ్చింది. ఖాసింబీ అందులో పడుకుని ఉంది. ముందురోజు నుంచి నొప్పులట. బిడ్డ అడ్డం తిరిగింది, రక్తం ఆగడం లేదు. మా పోస్టులో మందులిచ్చే నర్సింగ్ ఆర్డర్లీ చూసి పక్కకు వచ్చాడు.

"నా వల్ల కాదు. డాక్టరమ్మ చెయ్యి పడాల. బేగి పోనీండి."

ఆమెతోపాటు ఆర్డర్లీనీ, పడవ దిగినవాళ్ళనూ తొట్టిలో ఎక్కించుకున్నాం. ఎవరూ దిగకుండానే బండి గట్టెక్కింది. "ఎక్కింది చూశావా బావా!" అని కరీం నా పక్కన కూర్చుని తొడ చరుచుకున్నాడు. నేను చూసిన అతని చివరి సంతోషం అదే.

రోడ్డు ఎక్కాక టకటక పెరిగింది. రేకుల మీద వడగళ్ళు పడ్డట్టు. నేను కాలు కొంచెం ఎత్తాను. "తగ్గించమాక బావా," అన్నాడు. తగ్గించలేదు. సగం దారిలో ఢామ్మని పేలి, తెల్లటి ఆవిరి కమ్మేసి, ఇంజను ఆగిపోయింది. హెడ్డు కింద ప్యాకింగు కాలిపోయింది. రోడ్డు మీద బాగయ్యే రోగం కాదది. ఒకతను ఎడ్లబండి కోసం పక్క ఊరికి పరిగెత్తాడు. ఆ బండి వచ్చేలోపే ఖాసింబీ పోయింది. బిడ్డ కూడా దక్కలేదు.

తల్లీబిడ్డల్ని మాచర్లలోనే మట్టి చేశాం. "నేను చెప్పానా" అని హవల్దారు ఒక్కమాట అనలేదు. వేరే ఇంజను వచ్చాక పాతబండ్ల గుట్టలోంచి గేరు తెచ్చి ఇరుసులో తనే బిగించాడు. కరీం పక్కన నిలబడి అడిగిన స్పానరల్లా అందించాడు.

వానలు తగ్గే వేళకు నది అవతల నిజాం లొంగిపోయాడు. పోస్టు ఎత్తేశారు. నేను పటాలం వదిలి ఎడ్లపాడు వచ్చి సేద్యంలో పడ్డాను. కరీం నరసరావుపేటలో గొడుగులు బాగుచేస్తున్నాడు. ఇంజను మీద మళ్ళీ చెయ్యి వేయలేదు. మా ఊళ్ళోవాళ్ళు కూర్చోబెట్టి బర్మా కబుర్లు అడుగుతారు, చెబుతాను. ఆ రోడ్డు సంగతి మాత్రం నా నోట రాదు.

ఆ రోజు, ఇంజను ఆగిన చోట, ఎడ్లబండి కోసం ఎదురుచూస్తూ కరీం ఊరికే కూర్చోలేకపోయాడు. "తోద్దాం పట్టండి," అన్నాడు. నడవగలిగినవాళ్ళంతా దిగి చెయ్యి వేశారు. నేను స్టీరింగు పట్టుకున్నాను. కరీం వెనక పలకకు భుజం ఆనించి, తల వంచి తోస్తున్నాడు. తొట్టిలో ఏం జరుగుతోందో అతనికి కనిపించదు.

"ఇంకెంతో దూరం లేదు ఖాసింబీ. మాచర్ల వచ్చేసింది. ఓర్చుకో తల్లీ."

వెనక్కి తిరిగి చూశాను. ఆర్డర్లీ ఆమె ముఖం మీదికి కొంగు లాగి, నా వైపు చూసి తల అడ్డంగా ఆడించాడు. తొట్టికి రెండు పక్కలా పట్టి తోస్తున్నవాళ్ళూ చూశారు. ఒక్కరూ బండి మీద చెయ్యి తీయలేదు. నేనూ బ్రేకు తొక్కలేదు.

"పలకదేంది బావా?" అని వెనకనుంచి ఆయాసపడుతూ అరిచాడు కరీం.

"కన్నంటుకుంది," అన్నాను. "గట్టిగా అరవమాక."

అప్పటినుంచి కరీం గొంతు తగ్గించి, ఆమెతో గుసగుసగా మాట్లాడుతూ తోశాడు.