‘ఒకసారి’ అని రాసిన కాగితం

నేనూ నా భార్యా విడిపోయినప్పుడు పెద్దల ముందు ఒప్పందం కాగితం రాసింది నేనే. గొలుగొండలో మా మామగారి అరుగు మీద తగువు పంచాయితీ పెట్టారు. పదో తరగతి తప్పినా నర్సీపట్నం లైబ్రరీలో బీరువాలన్నీ చదివేసినవాణ్ణని నాకు పేరు. పెద్దమనిషి ఒకాయన తెల్లకాగితం నా ముందుకు తోసి, “లైబ్రరీ బాబూ, నీ దస్తూరీ ముత్యాలు కదేటి. బేగి రాసీ” అన్నారు. కొట్టినవాడి చేత రాయించకూడదని అక్కడ ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు. పైగా పొంగిపోయాను.

‘కోపావేశమున ఒకసారి చేయి చేసుకొనుట జరిగినది’ అని రాసి, పైకి చదివాను. నా కుడిపక్కన కూర్చున్న నా భార్య, “మళ్లీ సదవండి” అంది.

“పుస్తకాల బాస, నీకేటి తెలుస్తాదే అమ్మా! సంతకం ఎట్టీ” అన్నారాయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె సంతకం పెట్టింది.

పదిహేనేళ్లయింది. ఈమధ్య నా జీవితం గురించి రాసుకుంటూ, ఆ కాగితం తీసి చూసి, అందులో ఉన్నట్టే ‘ఒకసారి’ అని రాశాను. నా దస్తూరీని నేనే నమ్మాను.

పోయిన నెల యలమంచిలి స్టేషన్లో ఆమె కనిపించింది. పక్కనుంచి పిలిస్తే పలకలేదు. కోపమనుకున్నాను. ఎదురుగా వెళ్తే ఉలిక్కిపడి, తల తిప్పి కుడిచెవి నావైపు పెట్టింది.

“ఇటు సెప్పండి. ఎడం సెవి ఇనబడదు.”

“ఎప్పట్నుంచి?”

“ఏటి, తెలీదా? తగువుకి ముందునించే. పుస్తకం మీద టీ ఒలికిందని కొట్నారు కదా.”

“ఒకసారే కదా...” అనేశాను.

“ఒకపాలా?” నవ్వింది. “మరి మా అప్ప ముందర తమరు కొట్టింది? సెరుకు నరికే రోజుల్లో, కూడు ఆలిస్యమైందని కొట్టింది?”

ఆ పుస్తకం నాకు గుర్తుంది. మరక ఏ పేజీ మీద పడిందో కూడా గుర్తుంది. దెబ్బ గుర్తు లేదు. ఆ రోజు అరుగు మీద ఆమె ఎడమ చెవి నావైపే ఉంది. నేను చదివింది ఆమెకు సరిగా వినబడనే లేదు.

“నేను ఇదంతా రాస్తున్నాను. నువ్వు చెప్పు, చెప్పింది చెప్పినట్టే రాస్తాను” అన్నాను.

“ఈపాలి కూడా తమరేనా రాసేది?” అంది. రైలొస్తే ఎక్కి వెళ్లిపోయింది.

ఇంటికొచ్చి ‘ఒకసారి’ అన్న మాట కొట్టేశాను. దాని బదులు ఎన్నిసార్లని రాయాలో నాకు తెలియదు. ప్లాట్‌ఫారం మీద ఆమె చెప్పినంతవరకే, ఆమె మాటల్లోనే, పైన రాశాను.