తల తెగిన ఇంటిపేరు

కొస్త్రొమా పట్నంలో ఆగ్నియా అర్సేన్యెవ్నా జలూచినా అరవై ఏళ్లు ఒక్క మనిషి కోసమే వెతికింది. ఆ మనిషి ఆమె తమ్ముడు గ్లేబ్ జలూచిన్.

పంతొమ్మిది వందల ముప్ఫై ఏడు శీతకాలంలో వాళ్ల తల్లినీ తండ్రినీ పోలీసులు పట్టుకుపోయారు. తాతగారు జమీందారు కావడమే వాళ్ల నేరం. పదేళ్ల ఆగ్నియాను ఒక అనాథాశ్రమానికి, మూడేళ్ల గ్లేబ్‌ను మరో అనాథాశ్రమానికి పంపారు. అతన్ని ఏ ఊరికి పంపారో ఎవరూ చెప్పలేదు. తమ్ముడి గురించి ఆమె దగ్గర మిగిలింది వాడి మాట తీరు ఒక్కటే. గ్లేబ్ ప్రతి మాటకూ మొదటి అక్షరం మింగేసేవాడు. టీ కాచే సమొవార్ వాడి నోట్లో ‘మొవార్’, అక్క ‘గ్నియా’.

“మావాడు మాటల తలలు కొట్టేస్తున్నాడర్రా!” అని తండ్రి భోజనాల దగ్గర పడీపడీ నవ్వేవాడు.

చర్చిలో తమవాళ్ల పేరున ప్రార్థన చేయమని పాద్రీకి రెండు చీటీలు ఇస్తారు. ఒకటి బతికున్నవాళ్లకు, రెండోది పోయినవాళ్లకు. వాటిలో పేరొక్కటే రాయాలి, ఇంటిపేరు పనికిరాదు. చర్చి గడప తొక్కితే ఉద్యోగం ఊడే రోజుల్లో కూడా ఆగ్నియా దొంగచాటుగా వెళ్లి, మొదటి చీటీలో ‘గ్లేబ్’ అని రాసి వచ్చేది.

పెద్దయ్యాక పాత రికార్డుల కార్యాలయంలో చేరి, పురుగులు తిన్న జనన మరణాల పుస్తకాల మధ్యే ముసలిదైపోయింది. ఇంతలో కమ్యూనిస్టులు పోయి రాజ్యం మారింది. నిన్నటిదాకా ‘మా తాత పాలేరు’ అని ఫారాల్లో రాసిచ్చినవాళ్లు ఇప్పుడు తమ తాత ఏ సంస్థానాధీశుడో తేల్చమంటూ వరస కట్టారు. రాజ్యం మారినప్పుడల్లా మనిషి తాతను కూడా మార్చుకుంటాడు కాబోలు. ఒకడైతే కత్తి పట్టిన తాత బొమ్మ ముందే గీయించుకుని తెచ్చాడు, ఇక పేరొక్కటే తక్కువట. ఆగ్నియా పుస్తకం చూసి, “మీ తాత మంగలి, నాయనా. కత్తి మాత్రం నిజమే,” అంది.

ఆ వరసలోనే, తొంభై మూడులో, మసి మరకల కోటుతో ఒకాయన వచ్చాడు. ఉప్పులో ఊరేసిన పుట్టగొడుగుల సీసా బల్లమీద పెట్టాడు.

“లూచిన్ అంటారండి నన్ను. మాది గాలిచ్, ఇళ్లల్లో పొయ్యిలు కడతాను. తమరు జలూచిన్‌లని విని వచ్చాను. నేనూ మీ తాలూకేమోనని...”

“అదెలా?”

“దొరలు పెళ్లికాకుండా పుట్టిన పిల్లలకి ఇంటిపేరు తల కొట్టేసి ఇచ్చేవారటగా. జలూచిన్‌లో ‘జ’ కొట్టేస్తే మిగిలేది లూచినే కదండీ.”

ఆ మాటలో అబద్ధం లేదు. దొరలకు అలాంటి ఆచారం ఉండేది. బిడ్డకు సగం రక్తం, ముప్పాతిక పేరు. కానీ ఆగ్నియాకు ఒళ్లు మండింది. అన్నీ పోగొట్టుకున్న వంశానికి మిగిలింది పరువొక్కటే. ఇప్పుడు దానిమీద కూడా చెయ్యి వేస్తారా?

“మా వంశంలో దొడ్డిదారులు లేవు నాయనా. లూచినా అంటే దీపంలా వెలిగించే చితుకు. మీ ముత్తాత చితుకులు చీల్చుకుని ఉంటాడు, పోయి ఆ లెక్కన వెతుక్కో,” అని పకపకా నవ్వింది.

అతనూ నవ్వాడు. “అదీ నిజమేనండి, చితుకులు లేందే నాకూ పూట గడవదు,” అంటూ టోపీ తీసుకుని వెళ్లిపోయాడు. అతని సొంత పేరేమిటో ఆగ్నియా అడగలేదు. పుట్టగొడుగులు మాత్రం బాగున్నాయి. ఆ వారమంతా బంగాళాదుంపల్లో నంజుకుంది.

తొంభై ఏడు వసంతంలో, తమ్ముడి ఆచూకీ కోసం ఆమె పెట్టిన అర్జీల్లో ఒకదానికి జవాబు వచ్చింది. ఒక అనాథాశ్రమం చేర్పు పుస్తకంలో ఒక పేజీ నకలు అది. ‘మగపిల్లవాడు, సుమారు మూడేళ్లు. పేరు గ్లేబ్. ఇంటిపేరు లూచిన్, పిల్లవాడే చెప్పాడు.’

పిల్లవాడే చెప్పాడు. ఆగ్నియా కళ్లజోడు తీసి బల్లమీద పెట్టింది. మళ్లీ తగిలించుకుని, గాలిచ్‌లో పొయ్యిలు కట్టే లూచిన్ ఇల్లెక్కడో వాకబు చేసి బయల్దేరింది.

గాలిచ్‌లో తలుపు తీసింది అతని భార్య కపితొలీనా.

“గ్లేబ్ కోసమా? పోయి మూడేళ్లయిందమ్మా. గుండె ఆగిపోయింది. మీరెవరు?”

“కొస్త్రొమా నుంచి. రికార్డుల...”

“ఓహో! చితుకుల దొరసాని మీరేనా?” ఆమె గుమ్మంలోంచి కదల్లేదు. “ఇంటికొచ్చి ఒకటే చెప్పాడు. ‘ఆవిడ నవ్వు ఎక్కడో విన్నానే కాపా,’ అని. మళ్లీ వెళ్లమంటే, ‘ఊరుకోవే, పొయ్యిలు కట్టేవాడికి దొరసానితో ఏం పని?’ అన్నాడు.”

“నేను వాడి అక్కని.”

కపితొలీనా తలుపు పూర్తిగా తెరిచింది. “పేరైనా అడగలేకపోయారా తల్లీ?” అంది మెల్లగా, పక్కకి తప్పుకుంటూ.

మర్నాడు ఉదయం గాలిచ్ చర్చిలో ఆగ్నియా పోయినవాళ్ల చీటీ అడిగి తీసుకుంది. చచ్చినవాణ్ణి మూడేళ్లపాటు బతికున్నవాళ్ల చీటీలో రాస్తూ వచ్చింది తను. ‘గ్లేబ్’ అని రాసి, పక్కన ‘లూచిన్’ అని కూడా రాసింది.

కొవ్వొత్తులమ్మే ఆమె చీటీ చూసి కలం తీసింది. “ఇంటిపేరు రాయకూడదు బామ్మా, తెలీదా? ఉండండి, కొట్టేస్తాను.”

“వద్దమ్మా,” అంది ఆగ్నియా చీటీమీద అరచెయ్యి మూస్తూ. “ఆ పేరు నేనొకసారి కొట్టేశాను. ఈ ఒక్కసారికి ఉండనీ.”

కొవ్వొత్తులావిడ గొణుక్కుంటూ చీటీని అలాగే పెట్టెలో వేసింది.