ఎర్ర రాయా, పసుపు రాయా

"ఎర్ర రాయా, పసుపు రాయా? నువ్వే సెప్పురా" అని బాబాయి అప్పుడు ఐదేళ్లున్న నా కొడుకును అడిగాడు. వాడు ఎర్రది అనగానే ఆయన ఫోన్‌లో పందెం నొక్కాడు.

చివ్వెంలలో గొర్రెలు కాసే బాబాయి ఏనాడూ మంచు చూడలేదు. అయినా మంచు మీద రాళ్లు జార్చే కర్లింగ్ ఆటంటే ప్రాణం. ఫోన్‌లో రాయి ముందు ఆటగాళ్లు చీపుర్లతో మంచు రుద్దుతుంటే, ఈయన తువ్వాలతో అరుగు రుద్దేవాడు. చిన్నప్పుడు సెలవులకు వెళ్తే, నన్ను కూర్చోబెట్టే ముందు అరుగు తుడిచింది కూడా అలాంటి తువ్వాలతోనే.

"ఆఖరి రాయి ఎవలదో వాళ్లదే జోరు బిడ్డా. వాళ్ల మీద పైసలు పెడితే తక్కువొస్తది, అవతలోళ్ల మీదైతే ఎక్కువ."

"ఇప్పుడు ఆఖరి రాయి ఎవరిది?"

"పసుపోళ్లది. అయినా పసోడు ఎర్రదన్నడు గద, అదే అయితది."

"మరి గొర్రెలేవి బాబాయ్?"

దొడ్డి సగం ఖాళీ. ఆయన అరుగు రుద్దుతూ కూర్చున్నాడు. మిగిలినవీ పందేలకే పోతే ఆ నింద నా కొడుకు నోటి మీద పడుతుందని రాత్రంతా నిద్రపోలేదు.

పొద్దున వాడికీ, వాడి అక్కకీ చెప్పాను: "తాత ఏ రంగని అడిగితే చెప్పకండి. రెండు గులకరాళ్లు తీసుకుపోయి, మాతో ఆడు తాతా అనండి."