పదకొండో చెరువు

సోమవారం పొద్దున గుడివాడలో బందరు బస్సెక్కుతుండగా మా మేడమ్ పోయారని ఫోనొచ్చింది. బందరు కాలేజీలో మాకు కంపైలర్లు, అంటే మనం రాసిన ప్రోగ్రామును మెషీన్ భాషలోకి మార్చే సాఫ్ట్‌వేరు, చెప్పిన టీచరు ఆవిడ. ముందురోజు సాయంత్రం చర్చి నుంచి వచ్చి, కుర్చీలో కూర్చున్న మనిషి మళ్లీ లేవలేదట. నేను బయలుదేరింది ఆవిడ దగ్గరకే. ఏడుపు కంటే ముందు కోపమొచ్చింది. మా తగువు ఇంకా తేలలేదు.

ఆవిడ ల్యాబ్‌లో ఒక పద్ధతి ఉండేది. ప్రోగ్రామ్ తప్పుల్లేకుండా కంపైలైనంత మాత్రాన మార్కులు పడేవి కావు. మమ్మల్ని లేపి, పక్కవాళ్లను మా సీట్లో కూర్చోబెట్టి దాన్ని చెడగొట్టమనేవారు. పది గళ్ల పట్టికలో పదకొండో గడి అడిగించేవారు. ప్రోగ్రామ్ మెమరీలో పక్కనున్న లెక్క మీద రాసిపారేస్తే సున్నా. చోటు లేదని చెప్పి ఆగితేనే మార్కులు.

"కంపైలర్ ఊరుకుందని మురిసిపోకు. రేపు ఎవడేం నొక్కుతాడో దానికేం తెలుసు?" అనేవారు. ఆ తర్వాత డబ్బా తీసి జంతికలు పంచేవారు, సున్నా వచ్చినవాళ్లకు ముందు.

ఈమధ్య నేను రొయ్యల చెరువుల్లో ఏరియేటర్లు, అంటే నీళ్లను చిలికి రొయ్యలకు గాలందించే చక్రాలు, నడిపే పెట్టె కోసం చిన్న ప్రోగ్రామింగ్ భాషా, దానికో కంపైలరూ రాస్తున్నాను. పెట్టెలో మెమరీ తక్కువ. అందుకని తనిఖీలన్నీ కంపైల్ చేసేటప్పుడే ముగించి, నడిచేటప్పటివి తీసేద్దామని ఆ ముందువారం మేడమ్ ఇంటికెళ్లి చెప్పాను. నడుస్తుండగా చూడడమంటే చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమేనని వాదించాను.

మేడమ్ నవ్వారు. "కాలకముందు చెయ్యి లాగేదాన్నే చెక్ అంటారు నాన్నా."

నేనూ తగ్గలేదు. ప్రోగ్రామ్ ఆగితే చక్రాలాగుతాయి, చక్రాలాగితే రొయ్యలు చస్తాయన్నాను. ఆవిడ కాగితం మీద ఏదో గీసి, కొట్టేసి, మళ్లీ గీశారు. అంతటి మనిషి అలా తడబడటం చూసి నాకే భయమేసింది.

"ఆపడం వరకే నేర్పాను. ఆగాక ఏం చెయ్యాలో నేనూ ఆలోచించలేదు. సోమవారం రా, కూర్చుందాం," అన్నారు.

ఆ సోమవారమే ఆవిడను మట్టికి అప్పగించి వచ్చాం.

తర్వాత ఆ పెట్టె పెట్టించుకుంటున్న రైతు దగ్గరకు నాగాయలంక వెళ్లి, చెక్ ఉంచిన ప్రోగ్రామే పెట్టెలోకి ఎక్కించాను. పది చెరువులకే చోటున్న పెట్టె అది. రైతు చేత ఫోన్లో పదకొండో చెరువు నొక్కించాను. పక్క లెక్కను ముట్టుకోకుండా ప్రోగ్రామ్ ఆగింది. చెరువుల్లో చక్రాలు ఒక్కొక్కటే నెమ్మదించి నిలిచిపోయాయి. నీళ్ల మీద నురగ విడిపోయింది.

"వచ్చేవారం రొయ్యపిల్ల వదుల్తున్నానండి," అన్నాడు రైతు. "అప్పుడిట్టా ఆగితే ఏం చెయ్యాలండి?"

ఎవరిని అడిగి చెప్పాలో తెలియక, కదలని చక్రాల వంక చూస్తూ గట్టు మీద నిలబడిపోయాను.